ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకి పైకి చదివి వినిపించే పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ పుస్తకాల షాపుకి వెళ్లి "రెండేళ్ల పాపకి ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి" అని అడిగితే, మామూలుగా ముందు అక్షరమాల తీసి చూపిస్తారు. తర్వాత ఒక్కో పేజీలో ఇరవై పళ్లో ఇరవై జంతువులో చిన్న చిన్న గళ్లలో అచ్చేసిన బొమ్మల పుస్తకం, ఆ తర్వాత నీతికథలు. ఇవి మూడూ ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొచ్చేవే, కానీ రెండేళ్ల పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని పైకి చదవడానికి మాత్రం మూడింట్లో ఒక్కటీ సరిపోదు. ఆ వయసులో పుస్తకం అక్షరాలు నేర్పనక్కర్లేదు, బుద్ధులు చెప్పనక్కర్లేదు. ఒకే బొమ్మ మీద పిల్ల చూపూ మీ చూపూ పడాలి, దాన్ని పట్టుకుని ఇద్దరూ కబుర్లాడుకోవాలి. అందుకే ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా "ఇది తెరిస్తే మేమిద్దరం ఏం మాట్లాడుకుంటాం?" అని ఒకసారి అనుకుని చూడండి, సగం పుస్తకాలు అక్కడే పక్కకి పోతాయి.

"ఇంత చిన్న పిల్లకి పుస్తకమేంటి, స్కూల్లో వేశాక చూద్దాం" అనేవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. పిల్లల డాక్టర్ల మాట వేరేగా ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే, పుట్టిన దగ్గర్నుంచీ పిల్లలకి చదివి వినిపించమని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఏడాది వయసు పిల్లలకి స్క్రీన్ వద్దే వద్దని, రెండేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదని, పిల్లలు కూర్చుని ఉన్న సమయంలో పుస్తకం చదవడం, కథ చెప్పడం మంచిదని ఉంది. అన్నం తినిపించాలంటే ఫోన్ పెట్టాల్సిందే అన్న పరిస్థితి ఎన్ని ఇళ్లలో ఉందో మనకి తెలుసు. అక్కడి నుంచి బయటపడాలంటే ఫోన్ లాక్కుంటే సరిపోదు, దాని బదులు పిల్ల చేతికి ఇంకొకటి ఇవ్వాలి కదా.

ఇక ఎంపిక దగ్గరికి వద్దాం. మొదటి పని, షాపులో నిలబడే రెండు పేజీలు పైకి చదవండి. మనసులో చదివితే తెలీదు, నోటితోనే చదవాలి. "కుందేలు మిక్కిలి వేగముగా పరుగెత్తెను" అని ఉంటే అక్కడే పెట్టేయండి. "కుందేలు చెంగుచెంగున గెంతింది" అని ఉంటే ఇంకో పేజీ తిప్పండి. పిల్లకి అర్థం కంటే ముందు చప్పుడు అందుతుంది. బుడుంగున మునగడం, జరజరా పాకడం, టపటపా చినుకులు పడటం, గలగలా పారడం... ఇలాంటి మాటలు మన భాషలో బోలెడున్నాయి, మంచి రచయిత చిన్నపిల్లల పుస్తకంలో వీటిని వాడుకోకుండా ఉండలేడు. పేజీకి ఒక వాక్యం, మహా అయితే రెండు. అంతకు మించి ఉంటే మీరు చదువుతుండగానే పిల్ల పేజీ తిప్పేస్తుంది, అందులో తప్పేం లేదు, ఆ పుస్తకం వయసు అది కాదంతే.

పైకి చదివేటప్పుడు ఇంకోటి కూడా గమనించండి: ఆ వాక్యం మీ ఇంట్లో మాట్లాడే తీరుకి దగ్గరగా ఉందా? పుస్తకంలో "అమ్మాయి గోడపైకి ఎక్కినది" అని ఉన్నా నాన్నమ్మ చదివేటప్పుడు "ఓలమ్మ, ఈ గుంట గోడెక్కీసినాది సూడే!" అంటే పిల్ల కళ్లు పెద్దవైపోతాయి. అలా మార్చి చదవడం తప్పని మీకు ఎవరైనా చెబితే వినకండి. పిల్లల చదువు పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగే ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అదే పోరాటంలో ఆయనకి తోడున్న గురజాడ అప్పారావు గారిది విజయనగరం. అలాంటి గడ్డ మీద ఉండి ఇంట్లో ఎవరూ పలకని తెలుగులో రెండేళ్ల పిల్లకి కథ వినిపించాల్సిన అవసరం ఏముంది? అనువాద పుస్తకమైతే ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి. బాగా చేసిన అనువాదం తెలుగులోనే పుట్టినట్టుంటుంది, కొన్నిట్లో మాత్రం ప్రాస, లయ అన్నీ పోయి ఉత్త సమాచారం మిగులుతుంది. ఒక్క పేజీ నోటితో చదివితే ఆ తేడా చెవికే తెలిసిపోతుంది.

బొమ్మల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పిల్లకి సంబంధించినంతవరకు పుస్తకమంటే బొమ్మలే. ఏడాది వయసులో పేజీకి ఒక్క వస్తువు, వెనకాల ఖాళీ, అంచులు స్పష్టంగా ఉన్న బొమ్మ చాలు: ఒక బంతి, ఒక ఆవు, నవ్వుతున్న ఒక పాప మొహం. తోటి పిల్లల మొహాలంటే ఆ వయసువాళ్లు చూపు తిప్పరు. ఏడాదిన్నర దగ్గర వేలు పెట్టి చూపించడం, "ఇదేటి?" అని అడగడం మొదలవుతుంది, అప్పుడు స్నానం, అన్నం, నిద్ర, చెప్పులు వేసుకోవడం లాంటి రోజూ జరిగే పనులున్న పుస్తకాలు తేవాలి. రెండేళ్లు నిండాక ఎవరో దాక్కుంటారు, ఎవరో వెతుకుతారు, దొరుకుతారు, ఇలాంటి చిన్న కథ పడుతుంది. రెండున్నర దాటితే బొమ్మ పోయింది, ఏడుపొచ్చింది, మంచం కింద దొరికింది అన్నంత కథని చివరిదాకా వింటారు. ఇవి గీత గీసి చెప్పే వయసులు కావు, ఒక్కొక్కరు ముందూ వెనకా అవుతారు, పక్కింటి పిల్లతో పోల్చి టెన్షన్ పడక్కర్లేదు.

బొమ్మలో పిల్ల ఏం చూస్తుందో మనం ఊహించలేం. మా మేనకోడలి దగ్గర ఒక పిల్లి కథ పుస్తకం ఉంది. పిల్లి గోడ దూకి పాలగిన్నె దగ్గరికి రావడం, అదీ కథ. ఆ పిల్ల మాత్రం మొదటి పేజీలో నూతి గట్టు మీద ఉన్న ఎర్ర బాల్చీని పట్టుకుంది. పేజీ తిప్పగానే పిల్లిని వదిలేసి బాల్చీ ఎక్కడా అని వేలితో వెతుకుతుంది, రెండో పేజీలో అది సగమే కనిపిస్తుంది, మూడో పేజీలో పక్కకి ఒరిగి ఉంటుంది. "బాల్చీ పడిపోనాది" అని తనే చెప్పింది. ఆ మాట పుస్తకంలో ఎక్కడా అచ్చులో లేదు, బొమ్మ వేసినవాళ్లు దాచిపెట్టారు, పిల్ల వెతికి పట్టుకుంది. కాబట్టి కొనేటప్పుడు పేజీలు వరసగా తిప్పి, మొదటి పేజీలో ఉన్న పిల్లి, ఇల్లు, చెట్టు చివరిదాకా అవేనా అని చూడండి. ఎక్కడెక్కడివో బొమ్మలు ఏరుకొచ్చి అతికించిన పుస్తకాల్లో ఒక పేజీలో పిల్లి తెల్లగా, ఇంకో పేజీలో చారలతో ఉంటుంది. పెద్దవాళ్లు పట్టించుకోరు గానీ పిల్లకి అది వేరే పిల్లి, కథ అక్కడే తెగిపోతుంది.

పిల్లకి తెలిసిన లోకం బొమ్మలో ఉంటే మాట త్వరగా కదులుతుంది. తాటిచెట్లు, వరిచేను, వలలు, జీడితోట, రైలు. మన దగ్గర రైలు పుస్తకం ఏదైనా నడుస్తుంది, ఎందుకంటే విజయనగరం జంక్షన్‌లోనో ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనో పిల్ల దాన్ని కళ్లారా చూసే ఉంటుంది. తాబేలు బొమ్మ ఉన్న పుస్తకం కొంటే శ్రీకూర్మం తీసుకెళ్లండి, గుడి ఆవరణలో నిజం తాబేళ్లు ఉన్నాయి, ఇంటికొచ్చాక అదే పేజీ తీయండి, అప్పుడు చూడాలి ఆ పిల్ల హడావుడి. పెద్ద ముక్కు పక్షుల పుస్తకం ఉంటే చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉండనే ఉంది, పెలికాన్లు గూళ్లు కట్టుకుని చెట్ల మీద కనిపిస్తాయి. మంచు మనిషి, పెంగ్విన్ ఉన్న పుస్తకాలు వద్దని అనట్లేదు, కొత్తవి చూడాల్సిందే. కానీ పిల్ల దగ్గర ఉన్న పుస్తకాలన్నీ అవే అయితే, తన ఇల్లూ తన వీధీ పుస్తకంలోకి రావన్నట్టు అవుతుంది. పిల్లలందరూ తెల్లగా, ఉంగరాల బంగారు జుట్టుతో ఉన్న పుస్తకాల విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. మన రంగు పిల్లలు, జడలు వేసుకున్నవాళ్లు, నూనె రాసుకున్నవాళ్లు, చొక్కా లేకుండా ఆడుకునేవాళ్లు కనీసం కొన్ని పుస్తకాల్లోనైనా ఉండాలి.

ఇంకో పరీక్ష మీ కోసం. ఈ వయసు పిల్లలు ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ చదవమంటారు, ఈరోజు, రేపు, వచ్చే నెల కూడా. విసుగు పుట్టించడానికి అలా చేయరు, తర్వాత ఏం వస్తుందో ముందే తెలియడమే వాళ్లకి సంతోషం. అలా మళ్లీ మళ్లీ విన్నదాంట్లోంచే మాటలు వాళ్ల నోటికి వస్తాయి. కాబట్టి చదివే మీకు నచ్చని పుస్తకం కొనకండి. ప్రతి పేజీ చివర ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే పుస్తకం అయితే మరీ మంచిది. నాలుగైదు రోజులు చదివాక ఆ మాట దగ్గర మీరు ఆగి పిల్ల మొహంలోకి చూడండి, తనే అందుకుంటుంది. ఆ అందుకున్న మాట ముద్దుముద్దుగా తప్పుగా ఉన్నా సరిదిద్దకండి, మీరు ఒకసారి సరిగ్గా అని ముందుకి వెళ్లండి చాలు.

పుస్తకం ఒంటి గురించి కూడా చూసుకోవాలి. ఏడాదిన్నర లోపు పిల్లలకి దళసరి అట్ట పేజీల పుస్తకాలు, అదే బోర్డు బుక్స్, తప్ప వేరేవి నిలవవు. మూలలు గుండ్రంగా ఉండాలి, చిన్న చేతులకి తిప్పడం రావాలి. నోట్లో పెట్టుకుంటారు, నమిలేస్తారు, అది ఖాయం, కాబట్టి ఘాటైన రంగు వాసన వచ్చేవి, తడి వేలితో రుద్దితే రంగు అంటేవి వద్దు. మధ్యలో కుట్టిన పిన్నులు పైకి లేచి ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. అతికించిన కళ్లు, పూసలు, మెరుపులు ఊడొచ్చేవి ఇంట్లోకే తేవద్దు.

బటన్ నొక్కితే పాటలు పాడే పుస్తకాల గురించి గట్టిగా చెప్పాలి. వాటిలో బిళ్లల్లాంటి చిన్న బ్యాటరీలు ఉంటాయి. పిల్ల దాన్ని మింగితే రెండు గంటల్లోనే గొంతులో, ఆహారనాళంలో తీవ్రంగా కాలిన పుండ్లు పడగలవు. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి లేకపోతే ఆ పుస్తకం ఎంత చవకగా వచ్చినా వద్దు. మింగిందేమో అని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంత జాగ్రత్త పడి కొన్నా, పాడే పుస్తకం వల్ల ఒరిగేది తక్కువే. అదే పాడేస్తే మీరు పాడరు, పిల్ల బటన్ నొక్కుతుంది తప్ప మీ మొహం వైపు చూడదు.

నీతికథలు ఎందుకు వద్దన్నానో కూడా చెప్పేస్తాను. అబద్ధమాడితే ఏమవుతుంది, దురాశ దుఃఖానికి చేటు, ఇవి అర్థం కావాలంటే కారణం, ఫలితం, ఎదుటివాడి మనసు తెలియాలి, రెండేళ్ల వయసుకి అది మోయలేని బరువు. పైగా వాటిలో చాలా కథలు ఎవరో ఒకరిని పులి తినేయడంతోనో, తోక తెగిపోవడంతోనో ముగుస్తాయి. నాలుగైదేళ్లకి అవే కథలు ఇష్టంగా వింటారు, అప్పుడు చదువుకోవచ్చు. రాక్షసులు, కోరలు, రక్తం ఉన్న బొమ్మలు కూడా అప్పటిదాకా బీరువాలోనే ఉండనివ్వండి.

ఎక్కడ దొరుకుతాయి అన్నది అందరూ అడిగే ప్రశ్న. మన జిల్లాల షాపుల్లో చిన్నపిల్లల తెలుగు పుస్తకాలు తక్కువే, ఉన్నా స్కూలు సీజన్లో పాఠ్యపుస్తకాల వెనక్కి పోతాయి. పేరు చెప్పి అడిగితే తెప్పించే షాపులు ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకోవచ్చు. హైదరాబాద్‌లో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లు పిల్లల తెలుగు పుస్తకాలు తక్కువ ధరల్లో వేస్తున్నారు. చెన్నైలో 1996లో మొదలైన తూలికా అనే ప్రచురణ సంస్థ వాళ్లవి ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండే బొమ్మల పుస్తకాలు ఉన్నాయి. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో వేసినవి బాగుంటాయి, అయితే వాటిలో చాలా వరకు కాస్త పెద్ద పిల్లలవి, వయసు చూసి తీసుకోండి. రెండు భాషల పుస్తకం కొన్నప్పుడు ఒక పేజీలో ఇది కాసేపు, అది కాసేపు చదివి కలగలపకండి, ఇంట్లో ఏది మాట్లాడతారో అదే చదవండి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లు ఒడియాలోనే కథ చెబితే పిల్లకి తెలుగు రాకుండా పోదు.

డబ్బు ఎక్కువ పెట్టలేనివాళ్లకి మంచి దారి ఒకటుంది. బెంగళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ తెచ్చారు. అందులో తెలుగు పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అందుకు అనుమతి ఉన్న లైసెన్సుతోనే పెట్టారు. పుస్తకాలకి నాలుగు స్థాయిలు ఉంటాయి, మీరు మొదటి స్థాయి దగ్గరే ఆగండి. అది సుమారు 250 మాటల లోపు అని లెక్క, రెండేళ్ల పిల్లకి అది కూడా ఎక్కువే, కాబట్టి అందులో కూడా పేజీకి ఒక్క వాక్యం ఉన్నవి, అసలు మాటలే లేనివి ఏరుకోండి. పిల్లకి ఫోన్లో చూపించేస్తే మళ్లీ మొదటికొస్తాం. ఫోన్లో మీరు చూసి ఎంచుకుని, జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్లు తీయించి, లామినేషన్ చేయించి, మూలలు గుండ్రంగా కత్తిరించి, పక్కన రెండు చిల్లులు పెట్టి గట్టి దారంతో కట్టండి. ముడి బిగుతుగా వేసి, వేలాడే దారం కొసలు పొట్టిగా కత్తిరించండి.

మాటల్లేని పుస్తకాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన పల్లెల్లో పగలంతా పిల్లల్ని చూసేది నాన్నమ్మలు, అమ్మమ్మలే, వాళ్లలో చాలామందికి చదువు లేదు. "నాకు సదువు రాదమ్మ" అని పుస్తకం పక్కన పెట్టేస్తారు. ఉత్త బొమ్మలే ఉన్న పుస్తకం చేతికిస్తే ఆ బెరుకు ఉండదు. ఊళ్లో కోళ్ల కథ, అమ్మవారి పండగ కథ, తన చిన్నప్పటి నూతి కథ అన్నీ ఆ బొమ్మల మీద పెట్టి చెబుతుంది, ఆవిడ దగ్గరున్నంత మాట మన దగ్గర లేదు. చదువు వచ్చిన అమ్మ చదివినప్పుడు ఒక కథ, నాన్నమ్మ చెప్పినప్పుడు ఇంకో కథ అయినా పిల్లకి ఇబ్బందేమీ ఉండదు.

నాన్న ఊళ్లో లేని ఇళ్లు కూడా ఇక్కడ ఎక్కువే. విశాఖో హైదరాబాదో పనికి వెళ్లినవాళ్లు, గుజరాత్ తీరానికి వేటకి వెళ్లిన మత్స్యకారులు నెలల తరబడి ఇంటికి రారు. అలాంటి ఇంటికి ఒకే పుస్తకం రెండు కాపీలు తీసుకోండి, ఒకటి నాన్న సంచిలో, ఒకటి ఇంట్లో. వీడియో కాల్‌లో "అన్నం తిన్నావా, ఏం చేస్తన్నావు" దగ్గర పిల్ల మూగైపోతుంది గానీ, నాన్న అక్కడ పేజీ తిప్పి "ఏనుగు ఎక్కడికి పోయింది?" అంటే ఇక్కడ తన పుస్తకంలో వేలు పెట్టి చూపిస్తుంది. బరువు తక్కువ, పేజీలు తక్కువ ఉన్నది చూడండి, ప్రయాణంలో మోయడానికి వీలవుతుంది.

కొన్నాక కూడా ఒక వారం గమనించాలి. ఒక్కసారికి మూడు నాలుగు నిమిషాలు కూర్చుంటే చాలు. మధ్యలో లేచి పరిగెడితే ఆపకండి, మీరు చదువుతూనే ఉండండి, ఆడుకుంటూ కూడా వింటారు. వెనక్కి తిప్పినా, తలకిందులుగా పట్టుకున్నా, ఒకే పేజీ దగ్గర ఆగిపోయినా సరేననండి. చుట్టాలు వచ్చినప్పుడు "ఇదేంటో చెప్పు, అదేంటో చెప్పు" అని పరీక్ష పెడితే మాత్రం పుస్తకం అంటే ముడుచుకుపోతారు. మీరు అడిగే దానికన్నా చెప్పేది ఎక్కువ ఉండాలి. వారం తర్వాత కూడా ఆ పుస్తకాన్ని తోసేస్తుంటే లోపల పెట్టేసి రెండు నెలలు ఆగి మళ్లీ తీయండి. అప్పుడు నచ్చినవి చాలానే ఉంటాయి.

పుస్తకాలు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే ఇక చదవరు. కింద, పిల్ల చేతికి అందే చోట, నాలుగైదు మించకుండా, అట్ట మీద బొమ్మ కనిపించేలా పెట్టండి. మన తీరంలో తేమకి అట్ట పేజీలు ఉబ్బిపోతాయి, బూజు పడుతుంది, కాబట్టి వానలు తగ్గిన రోజున కాసేపు ఎండలో పెట్టి తీయండి. చిరిగిన పేజీని పిల్ల ముందే టేపు వేసి అతికించండి, చింపినందుకు పుస్తకం దాచేయకండి.

రెండు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ గ్రంథాలయాలు ఉన్నాయి, ఇంటిపన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ పన్నుతోనే అవి నడుస్తున్నాయి. ఒకసారి వెళ్లి పిల్లల విభాగంలో మూడేళ్ల లోపు వాళ్లకి ఏమున్నాయో చూడండి. లేకపోతే ఫలానా బోర్డు పుస్తకాలు, మాటల్లేని బొమ్మల పుస్తకాలు తెప్పించమని కాగితం మీద రాసి లైబ్రేరియన్ గారికి ఇవ్వండి. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలప్పుడు నలుగురైదుగురు అమ్మలు కలిసి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే, ఆ మాట ఇంకా బాగా వినిపిస్తుంది.